ఏ కాలు ముందు?

ఫ్రీమాంట్‌లో రైలెక్కి కూర్చోగానే మా ఐదేళ్ల పాప శ్రేయ కాళ్లకున్న బ్రేసులు విప్పి, ఒక కాలు నా ఒళ్లోకి లాక్కున్నాను. సెరిబ్రల్ పాల్సీ వల్ల దాని పిక్కలు బిగుసుకుపోయి మడమలు నేలకు ఆనవు. పాదాన్ని రోజూ మెల్లగా పైకి వంచి పట్టుకోవాలని థెరపిస్ట్ చెప్పింది. శ్రేయ ఎప్పటిలాగే ఏడుపు అందుకుంది.

ఎదురు సీట్లో ఒక తెలుగమ్మాయి కూర్చుని ఉంది. అమెరికాకి ఎమ్మెస్ చదవడానికి వచ్చినట్టుంది. పక్కన చేతికర్ర ఉంది.

"ఏమనుకోకు అక్కా. విజయవాడలో మా అమ్మ కూడా నాకు రోజూ ఇలాగే చేసేది. ఇవాళ నడుస్తున్నానంటే తన వల్లే. కానీ ఒక్కసారి కూడా నన్నడిగి చేయలేదు. ఇప్పటికీ ఎవరైనా కాలు ముట్టుకుంటే ఉలిక్కిపడతా," అంది.

"అడిగితే వద్దంటుందమ్మా. నేను మానేయలేను కదా!"

"మానొద్దు. కాసేపాగి మళ్లీ అడుగు," అని తను శ్రేయ వైపు వంగింది. "బంగారం, అమ్మకి ఏ కాలు ముందు ఇస్తావ్?"

శ్రేయ ఏడుపాపి ఆలోచించింది. ఎడమ కాలు తనే ఎత్తి నా ఒళ్లో పెట్టింది. ఆ కాలు నా చేతిలో అంత వదులుగా ఉండటం అదే మొదటిసారి.

తర్వాతి స్టేషన్‌లో ఆ అమ్మాయి దిగిపోయింది. పేరు కూడా అడగలేదు.

అప్పటినుంచి అడిగే చేస్తున్నాను. ఒక్కోసారి "లేటర్, అమ్మా" అంటుంది. ఆగుతాను.

మొన్న క్లినిక్‌లో కొత్త థెరపిస్ట్ వస్తూనే దాని పాదం పట్టుకోబోయింది. శ్రేయ కాలు వెనక్కి తీసుకుని, ఆమెను సూటిగా చూస్తూ, "ఫస్ట్ యూ ఆస్క్ మీ," అంది.

ఆమె నవ్వి, కింద కూర్చుని అడిగింది. శ్రేయ కుడి కాలు చాచింది.