మా ఆయన టామహాక్, నా షట్టరు

పార్శిల్ విప్పేటప్పుడు మా ఆయన ముఖం చూడాలి. పెళ్లిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అంతగా వెలగలేదు. కేసముద్రం మార్కెట్లో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా ఆయన. పొద్దంతా తూకం చీటీలు రాసే మనిషి. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో కొబ్బరికాయ కూడా పక్కింటాయనతో కొట్టించిన చేతులు అవి. ఆ చేతులు అట్టపెట్టెలోంచి ఒక పొట్టి గొడ్డలిని తీసి, పురిటి బిడ్డను చూపించినట్టు నాకు చూపించాయి.

మూరెడు కట్టె పిడి, దాని కొసన అరచేయంత నల్లటి ఇనుము. ఒక వైపు పదును, రెండో వైపు మేకులు కొట్టుకోవడానికి సుత్తిలాగా చదును.

"గిదేంది?" అన్నాను.

"ఉత్త గొడ్డలి గాదే. టామహాక్ అంటరు. కట్టెలు కొట్టొచ్చు, గుంజలు దిగ్గొట్టొచ్చు, ఇసిరితే పోయి సక్కగ చెట్టుకు గుచ్చుకుంటది."

"ఇసురుడెందుకు? చెట్టేమన్న ఉరుకుతదా?"

ఫోనులో ఎవరో గడ్డపాయన ఎక్కడో చలి అడవిలో గొడ్డళ్లు విసురుతున్న వీడియో పెట్టి నా ముక్కు ముందు ఆడించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పాలంటే నా షట్టరు సంగతి చెప్పాలి.

తొర్రూరులో బస్సులు పోయే రోడ్డు పక్కనే మా ఇల్లు. పదిహేనేళ్లుగా నేను ఇంటి వరండాలోనే బట్టలు కుడుతున్నాను. వాన జల్లు కొడితే మిషను మీద పట్టా కప్పి నేను తడుస్తాను. ఎవరికైనా కొలతలు తీయాలంటే వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు వేసుకోవాలి. పప్పు పోపు ఘాటుకు ఆమె తుమ్ముతుంటే నేను ఛాతీ చుట్టుకొలత తీస్తాను, ఆ కొలత ఎన్నడూ సరిగ్గా రాదు. రోడ్డు మొహాన ఒక్క షట్టరు గది కావాలని, అందులో కర్టెన్ వెనక ఒక అద్దం కావాలని, అంతే, ఇంకేమీ వద్దని పదిహేనేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. ఆ ఏడాదే ఆయన సరే అన్నాడు. గది రావాల్సిన చోట ఒక వేపచెట్టు ఉంది. చెట్టు తీసేస్తే మర్నాడే పునాదికి ముగ్గు పోస్తానని మేస్త్రీ చెప్పాడు. చెట్టు కొట్టే మనిషి కూడా వచ్చి, చూసి, తల ఊపి వెళ్లాడు.

ఆ మనిషిని మా ఆయన రావద్దన్నాడు. "ఆయనెందుకు? నేనే కొడ్త," అన్నాడు. అందుకు వచ్చిందన్నమాట ఆ పార్శిలు.

మొదటి ఆదివారం మూడు దెబ్బలు వేశాడు. నాలుగో దెబ్బకు కూర్చుని మంచినీళ్లు అడిగాడు. "చెట్టు మస్తు చేవ గట్టిందే," అన్నాడు. చేవ సంగతి పక్కన పెట్టి ముందు విసరడం నేర్చుకుంటానన్నాడు. విసిరితే భుజం సాగుతుందట, భుజం సాగితే కొట్టడం సులువవుతుందట. ఇక రోజూ పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి పది అడుగుల దూరం నుంచి విసరడం మొదలుపెట్టాడు. గొడ్డలి గాల్లో పల్టీలు కొడుతూ వెళ్లి పిడితో చెట్టును కొట్టి కింద పడేది. ఒకసారి మురుగు మోరీలో పడితే వెదురు కర్రతో గంటసేపు వెతికాడు. అటుగా పోయేవాళ్లు ఆగి, ఏం పోయిందని నన్ను అడిగారు. నా పరువు పోయిందని చెప్పాను.

గురి కుదరకపోవడానికి కారణం చెట్టు మీద గుర్తు లేకపోవడమేనని తేల్చాడు. ఇంట్లో ఏ రంగు ఉంటుంది? గడపలకు వేయగా మిగిలిన పసుపు రంగు అడుగున ఇంత, ఎర్ర రంగు ఇంత ఉంది. ఆ రెండు డబ్బాలూ తీసుకెళ్లి చెట్టు మొదలుకు మనిషి ఎత్తున పెద్ద పసుపు చక్రం, అందులో ఎర్ర చక్రం, మళ్లీ పసుపు, నడిమధ్యలో రూపాయంత ఎర్రటి చుక్క వేశాడు. డబ్బా మూత పోగొట్టాడని ఆ రోజు నేను తిట్టిన తిట్లు వీధంతా విన్నారు. మూత గురించి తిట్టాను తప్ప, చెట్టు వైపు సరిగ్గా చూడలేదు.

చక్రాలు వేశాక నిజంగానే గురి కుదిరింది. వారం తిరిగేసరికి మొదలు మీద పది పదిహేను గాట్లు పడ్డాయి. ఆ గాట్లలోంచి తెల్లగా, నురగలాగా ఏదో కారడం మొదలైంది.

దాన్ని మొదట చూసింది తండా నుంచి కూరగాయల గంప ఎత్తుకొచ్చే ముసలమ్మ. ఆమెను మేమందరం యాడీ అనే పిలుస్తాం. వాళ్ల భాషలో అమ్మ అని. గంప దించి, చెట్టు ముందు చేతులు జోడించి నిలబడింది. తర్వాత తన సీసాలో తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ చెట్టు మొదట్లో పోసింది.

"పిల్లా, మీ జాగల అమ్మ ఎలిసింది. సూడు, పసుపు బొట్టుతోని ఎలిసింది. పాలు కారుతున్నయి," అంది.

"అయ్యో యాడీ, గది మా ఆయన గీసిండు. గొడ్డలి ఇసురుడు నేర్సుకుందామని గీసిండు. గవి గొడ్డలి గాట్లు."

యాడీ నన్ను జాలిగా చూసింది. "మీ ఆయన ఎన్నడన్న గొడ్డలి ముట్టిండా?"

"లేదు."

"మరి గిప్పుడే గా బుద్ధి ఎవరు పుట్టిచ్చిన్రు?"

పద్దెనిమిదేళ్లుగా ఆ మనిషికి ఏ బుద్ధి ఎవరు పుట్టిస్తున్నారో నాకూ తెలియదు.

మధ్యాహ్నానికి నలుగురు వచ్చారు. ఆదివారానికి నలభై మంది. మొదలుకు ఎర్రచీర చుట్టారు, ముందర రాళ్లు వరుసగా పేర్చి హద్దు కట్టారు, ఊదుబత్తులు గుచ్చారు. వరంగల్ బస్సులు మా ఇంటి ముందు నెమ్మదించడం మొదలుపెట్టాయి. కిటికీల్లోంచి చేతులు నుదుటికి వెళ్లేవి. వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను నిజమే చెప్పాను. రంగు డబ్బాలు తెచ్చి చూపించాను. ఒకామె ఆ డబ్బాకు కూడా దండం పెట్టింది.

ఇక మా ఆయన. విసిరీ విసిరీ భుజం పట్టేసింది ఆయనకు. అది అమ్మవారి కోపమేనని హడలిపోయి టామహాక్‌ను గోనెసంచిలో చుట్టి వంటింటి సజ్జ మీద పడేశాడు. రెండు రోజులు గడగడలాడాడు. మూడో రోజు ఎవరో ఆయనను చూపించి, "మొదలు అమ్మ కనబడ్డది గీ అన్నకే," అన్నారు. అంతే, వణుకు పోయింది. తెల్లచొక్కా వేసుకుని చెట్టు పక్కన నిలబడి, వచ్చినవాళ్లకు ఎట్లా వెలిసిందో వివరించడం మొదలుపెట్టాడు. గొడ్డలి ఊసు మాత్రం ఎక్కడా రానీయలేదు. విన్నవాళ్లు ఆయన కాళ్లకు దండం పెడుతుంటే వరండాలో కూర్చుని కాజాలు కుడుతున్న నాకు నవ్వు రాలేదు సుమా, సూది వేలికి దిగింది.

ఎందుకంటే నా పని పడిపోయింది. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు మా వాకిలి తొక్కడం మానేశారు. "అమ్మ జాగ గదక్కా, మైలతోని ఎట్ల రావాలె?" అని ఫోనులో అడిగారు. నెలలో ఆ రోజులు తప్పితే మిగతా రోజుల్లో వస్తారా అంటే, వచ్చి చెంబు అడుగుతారు, అగ్గిపెట్టె అడుగుతారు, దండం పెట్టి పోతారు. జాకెట్ గుడ్డలు తెస్తున్నారు, కానీ కుట్టించుకోవడానికి కాదు, చెట్టుకు కట్టడానికి.

మేస్త్రీకి ఫోను చేశాను. "వద్దక్కా, నాకు ఇద్దరు పిల్లలు. గా చెట్టును నేను ముట్ట. మీరు ఎట్లన్న తీపిచ్చుకోండ్రి, మర్నాడే ముగ్గు పోస్త," అన్నాడు. చెట్టు కొట్టే మనిషి అసలు ఫోనే ఎత్తలేదు.

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. ఎవరూ కొట్టకపోతే నేనే కొడతాను అనుకున్నాను. చెట్టంతా కూల్చనక్కర్లేదు. మొదలు చుట్టూ జానెడు వెడల్పున బెరడు తీసేస్తే చెట్టు దానంతటదే ఎండుతుంది. పైన చీర ఉండనే ఉంది, ఎవరికీ కనబడదు. ఆకు రాలిపోయాక అమ్మ ఎటో వెళ్లిపోయింది అనుకుంటారు. ఆ తర్వాత నా షట్టరు.

ఎండాకాలం, బుధవారం, మిట్టమధ్యాహ్నం. మా ఆయన కేసముద్రంలో ఉన్నాడు. రోడ్డు మీద పురుగు లేదు. స్టూలు ఎక్కి సజ్జ మీది గోనెసంచి దించాను. నిజం ఒప్పుకోవాలి, మంచి వస్తువు. బరువు లేదు. పిడి నా పిడికిలికి సరిగ్గా కుదిరింది. ఇంత పనికొచ్చే వస్తువును నా మొగుడు ఇన్నాళ్లూ గాల్లోకి విసిరాడా అని కోపమొచ్చింది.

గబగబా నడిచి వెళ్లాను. చెట్టుకు చుట్టిన ఎర్రచీర కుచ్చిళ్లు ఎత్తి నడుము దగ్గర దోపినట్టు పైకి దోపాను. కింద పసుపు చక్రం అంచు కనిపించింది, అదే గడప రంగు. గొడ్డలి ఎత్తాను. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండగా అరికాళ్లు చుర్రుమన్నాయి. ఎందుకింత కాలుతోందని కిందికి చూశాను. ఉట్టి కాళ్లు. వెనక్కి తిరిగి చూస్తే, రాళ్ల హద్దుకు అవతల, నా చెప్పులు రెండూ పక్కపక్కన బుద్ధిగా విప్పి ఉన్నాయి.

ఎప్పుడు విప్పానో నాకు తెలియదు. ఆ చక్రాలు ఎవరు గీశారో, ఏ డబ్బాలోని రంగుతో గీశారో ఈ లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా విప్పాను. నా మీద నాకే పిచ్చికోపం వచ్చింది. చెప్పులు వేసుకుని మళ్లీ వచ్చి కొడదామని హద్దు దాటి వెళ్లాను. రెండు కాళ్లూ చెప్పుల్లో పెట్టాను. ఇటు తిరిగాను. ఆ చెప్పులతో ఒక్క అడుగు లోపల పెట్టడానికి నా కాలు లేవలేదు. ఎండలో నిలబడి భోరున ఏడ్చాను. పదిహేనేళ్లుగా మా ఆయన మీద, మేస్త్రీ మీద, వాన మీద పడి ఏడ్చాను కానీ, నా షట్టరుకు అడ్డం నేనే నిలబడతానని ఎన్నడూ అనుకోలేదు.

మళ్లీ చెప్పులు విప్పి లోపలికెళ్లి చీర కిందికి సర్దాను. గొడ్డలిని చెట్టు మొదట్లోనే ఆనించి, వచ్చి మిషను ముందు కూర్చున్నాను. సాయంత్రం నీళ్లు పోయడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ గొడ్డలికి కూడా పసుపు రాశారు. బొట్టు పెట్టడానికి కుంకుమ తక్కువైందని నన్ను అడిగారు. లేచి, లోపలికెళ్లి, తెచ్చి ఇచ్చాను.