ఐదో బెరకు మొక్క

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు తెలిసిన లెక్కలు గుప్పెడు, పొగరు గంపెడు. గద్వాలలో ఒక విత్తనాల కంపెనీలో తాత్కాలిక ఉద్యోగం. వేరుశనగ విత్తనపు చేలల్లో బెరకు మొక్కలు (అంటే వేసిన రకం కానివి) ఎన్ని ఉన్నాయో చూడాలి. మా పైఅధికారిని చాటుగా వంద సార్ అనేవాళ్లం. ఎంత పెద్ద చేనైనా చెప్పు మాయకుండా గట్టు పక్కనే వంద మొక్కలు చూసి తీర్పు చెప్పేవాడు. వందకు ఒకటి దాటిందా, ఆ పంట విత్తనానికి పనికిరాదు, నూనె మిల్లుకే.

ధరూర్ దగ్గర ఓ చాచా చేనులో గట్టు పక్కన రెండు దొరికాయి. సార్ కలం తీశాడు. చాచా ఏడాది కష్టం మిల్లుపాలు! నాకు ఒళ్లు మండింది.

"వంద చూసి ఏం తెలుస్తది సార్? ఐదు బెరకులు దొరికేదాకా లెక్కపెడత. జల్ది దొరికితే చేను చెడ్డది, ఆలస్యమైతే మంచిది."

"ఐదోది దొరక్కపోతే?"

"దొరికేదాకా ఈడికెల్లి కదల!"

"నీ ఇష్టం. రేపు పొద్దుగాల వస్త" అని సార్ నవ్వుతూ బండెక్కాడు.

చేను నడిమధ్య నుంచి సాలు సాలూ లెక్కపెట్టాను. పదిహేను వందలకు నాలుగు దొరికాయి. తర్వాత ఒక్కటీ లేదు. చేను మంచిదని అప్పటికే తేలిపోయినా, ఐదోది దొరికేదాకా కదలనన్న మాట ఉందిగా. నడుము పట్టేసింది, ఎండకు కళ్లు తిరిగాయి. మొదట ఒక్కటీ దొరకొద్దని దువా చేస్తూ వెంట నడిచిన చాచా, పొద్దు వాలేసరికి నాకంటే పరేషానై తానే వంగి వెతకసాగాడు. చివరికి గుసగుసగా, "బిడ్డా, పక్క చేన్లకెల్లి ఒకటి పీక్కొచ్చి నాటుత. గదే ఐదోదనుకో. జర ఇంటికి పో తల్లీ" అన్నాడు.

"నీ చేను నువ్వే చెడగొట్టుకుంటవా చాచా? ఊకో!"

(అప్పటికే ఆఖరి ఆటో వెళ్లిపోయింది. చాచీ పెట్టిన జొన్నరొట్టె తిని వాళ్లింట్లోనే పడుకున్నాను.)

తెల్లారి సార్ గట్టు మీద నిలబడి చూస్తుండగా, రెండు వేల ఆరు వందలు దాటాక దొరికింది. "దొరికింది!" అని చాచా, నేనూ ఒకేసారి అరిచాం. తన చేలో బెరకు దొరికిందని గంతులేసిన రైతును నేను మళ్లీ చూడలేదు. సార్ మళ్లీ కలం తీసి విత్తనానికి పనికొస్తుందని సంతకం పెట్టాడు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు, ఐదు దొరకకపోతే ఎక్కడ ఆపాలో ముందే లెక్కకట్టి రాసిస్తాను. ఆనాడు సార్ వేసిన ప్రశ్న సరైనదేనని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. కానీ అప్పటి నేను, ఆ పొగరు పిల్లే వచ్చి అడిగితే మాత్రం కాగితం ఇవ్వను, నేరుగా చేలోకే పంపుతాను. ఇచ్చినా ఆమె చదవదు.