పెట్రోలు దొరకనప్పటి నాట్లు

మా ఊళ్ళో పెట్రోలు కోసం మొదట పరుగెత్తింది తప్పనిసరిగా ఎక్కడికో పోవలసినవాళ్ళు కాదు. ఇంటి ముందు కారు పెట్టుకుని, దానికి ఎండ తగలకుండా గుడ్డ కప్పి, వారానికోసారి తుడిచి మురిసిపోయేవాళ్ళు. వాళ్ళ టాంకులు అప్పటికే సగానికి పైగా నిండి ఉంటాయని నా నమ్మకం. అయినా ఆ మధ్యాహ్నం అందరికంటే ముందు బంకు దగ్గర నిలబడింది వాళ్ళే. ఉన్నోడికే భయం ఎక్కువని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ట్యాంకర్ల డ్రైవర్లు సమ్మె చేయబోతున్నారని పొద్దున టీవీలో చెప్పారట. మధ్యాహ్నానికి ఆ మాటకు కాళ్ళొచ్చాయి. ఒకరు మూడు రోజులన్నారు, ఇంకొకరు నెలన్నారు, ఇక పెట్రోలే దొరకదని కిరాణా కొట్టాయన తేల్చేశాడు. ఫోన్లలో హైదరాబాదు బంకుల ముందు బారుల వీడియోలు తిరిగాయి. చూసినవాళ్ళు చూసినట్టే బండి తీశారు. డ్రైవర్ల మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. పని ఆపితే తప్ప తమ మాట ఎవరూ వినరని తెలిసినవాళ్ళు పని ఆపుతారు, అంతే. నా కోపమంతా అక్కర లేకుండా నింపుకుని ఇంటికి పోయి పడుకున్నవాళ్ళ మీద.

నేనప్పుడు నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. సెలవులొస్తే అమ్మతో నాట్లకు పోయేదాన్ని. కట్టంగూర్ దగ్గర మాదొక పల్లె, ఆ పల్లె చివర చర్చి వెనక మా వాడ. వాడలో ఆడవాళ్ళంతా కలిసి ఒక నాటు ముఠా. ఎకరానికి ఇంత అని ఆసామితో గుత్త మాట్లాడుకుని, వరి నాటేసి, వచ్చింది సమానంగా పంచుకోవడం మా పద్ధతి. చురుగ్గా నాటే కోడలికీ, నడుము పట్టేసిన అత్తకూ ఒకే పాలు. ముఠాకు పెద్ద మా అమ్మ. పెద్దంటే ఆమెకు ఒరిగేది ఏమీ లేదు. అందరి తిట్లూ తినడం, ఆసాములతో కొట్లాడడం, రెండూ ఆమె వంతు.

మాలో అందరికంటే పెద్దది మా పక్కింటి అవ్వ. నాకు వరస కాదు, కానీ వాడంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. మా తట్టు ఫ్లోరైడు బోరునీళ్ళు ఏళ్ళకేళ్ళు తాగి ఆమె మోకాళ్ళు వంకరపోయాయి. వంగి నాటు వేస్తుంది, నారు కట్టలు అందరికీ అందిస్తుంది, పాట ఎత్తుతుంది, కానీ నడవడం మాత్రం కష్టం. ఒక్కో అడుగుకూ ఆగుతుంది. మా ముఠాలో మొదటి మొక్క పెట్టేది ఎప్పుడూ ఆమే. ఆమె చెయ్యి మంచిదని మావాళ్ళ నమ్మకం.

అవ్వ ముఠాలో మిగిలి ఉందంటే మా మేనమామ ఆటో వల్ల. తెల్లవారకముందే ఆటో వాడలోకి వచ్చేది. అవ్వను మొదట ఎక్కించి, ఆమె చుట్టూ మేమంతా ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని పోయేవాళ్ళం. ఆటో లేకపోతే అవ్వ చేను దాకా రాలేదు. రాలేకపోతే ఆమెకు పాలు లేదు. కొడుకు లేడు, కోడలు లేదు, ఆ పాలు మీదే ఆమె తిండి. అందుకే ఆ సాయంత్రం మాకు కావలసింది ఒక ఆటో తిరిగేంత పెట్రోలు, అది అవ్వ కోసం.

మేనమామ మంచివాడే గానీ, నెత్తి మీదకొస్తే తప్ప ఏ పనీ చేయడు. మమ్మల్ని చేను నుంచి తెచ్చి వాడలో దింపేసరికి ఆటో దగ్గి ఆగిపోయింది. టాంకులో చుక్క లేదు. రేపు పొద్దున బంకు మీదుగానే పోతాం కదా, అప్పుడు పోయించుకుందామనుకున్నానని నెత్తి గోక్కున్నాడు. అమ్మ ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

సమస్య ఇంకొకటి కూడా ఉంది. అప్పుడు మేం నాట్లకు పోతున్న ఆసామికి ఇంకా చాలా చేను మిగిలి ఉంది. ఆయన రెండు రోజులుగా మెలిక పెడుతూ వస్తున్నాడు. నకిరేకల్ దగ్గర రైసుమిల్లు షెడ్డులో బీహారు నుంచి వచ్చిన ముఠా దిగిందట, మగవాళ్ళు తాడు కట్టి వరసల్లో వేస్తారట, మా రెండు రోజుల పని ఒక రోజులో చేస్తారట. పొద్దు పొడిచేసరికి చేనులో లేకపోతే వాళ్ళను పిలుస్తానని ఆ రోజే చెప్పాడు. వాళ్ళను మా అమ్మ ఎప్పుడూ తిట్టలేదు. అంత దూరం నుంచి వచ్చారంటే వాళ్ళదీ పొట్టే కదా అనేది. కానీ యాసంగి నాట్లు సగంలో ఉండగా ఆ చేను పోతే ఇంకొకటి దొరకదు.

బంకు హైవే మీద ఉంది, మా వాడ నుంచి రెండు కిలోమీటర్లు ఉంటుంది. ఆటోను నెట్టుకుంటూ పోవాలి. ఈలోగా బారు ఎంత పెరుగుతుందోనని అమ్మకు దిగులు. అప్పుడు ఆమెకొక ఉపాయం తట్టింది. నన్నూ ఇంకో ఇద్దరినీ ముందు పరుగెత్తమంది. పోయి బారులో ఆటో పట్టేంత జాగాలో చెప్పులు పెట్టమంది.

నవ్వేవాళ్ళకు చెప్పాలి, ఇందులో నవ్వడానికేమీ లేదు. యూరియా కోసం సొసైటీ ముందు బారు కట్టినప్పుడు మా జిల్లాలో మనుషుల కంటే ముందు చెప్పులే నిలబడతాయి. ఎండలో ఎవరూ నిలబడలేరు. చెప్పు పెట్టి చెట్టు కిందకు పోతారు. ఆ చెప్పును ఎవరూ జరపరు. జరిపినవాడికి ఊరంతా గడ్డి పెడుతుంది. చెప్పు ఉన్న చోట మనిషి ఉన్నట్టే అని మేం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. పెట్రోలు బారుకు వేరే రివాజు ఉంటుందని మా అమ్మకు తట్టనే లేదు, నిజానికి నాకూ తట్టలేదు.

మేం ముగ్గురం ఆరు చెప్పులు వరసగా పెట్టి పక్కన నిలబడ్డాం. మా ముందు ఎన్నో మోటారు సైకిళ్ళు, కొన్ని కార్లు. వెనక కూడా వచ్చి ఆగుతున్నాయి. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు, మేం ఏదో ఆడుకుంటున్నామని అనుకున్నారేమో. బారు కదిలినప్పుడల్లా వంగి చెప్పులు ముందుకు జరిపాం. అలా బంకు షెడ్డు నీడ దాకా వచ్చాం. అప్పుడు వెనక కారులోంచి ఒకాయన దిగాడు. తెల్ల చొక్కా, చేతికి కడియం, యూరియా బారులో చూసిన మొహమే. చెప్పులకు కూడా పెట్రోలు పోస్తారా అని గట్టిగా అడిగాడు. బారంతా నవ్వింది. మా ఆటో వస్తోందని, అది దాని జాగా అని నేను చెప్పాను. ఆయన నాతో మాట్లాడకుండా బూటు కాలితో చెప్పులను పక్కకు తోసి కారు ముందుకు తెచ్చాడు. ఆయన వెనక మిగిలినవాళ్ళూ జరిగారు. నా చెప్పు ఒకటి కారు కింద పడి తెగింది.

అమ్మ, ముఠా అంతా ఆటో నెట్టుకుంటూ చెమటలు కారుతుండగా వచ్చేసరికి మా జాగా లేదు. అమ్మ ఆ కారాయన అద్దం దగ్గరకు పోయింది. ఆమె గొంతు పెంచలేదు.

"సొసైటీ కాడ చెల్లిన చెప్పు గీడ ఎందుకు చెల్లది సారు? గాడ నువ్వు గూడ చెప్పు పెట్టినోనివే గద."

ఆయన అద్దం ఎక్కించాడు. బంకు పిల్లవాడు మా వైపు జాలిగా చూసి, బండి లేనిది లైను కాదక్కా అన్నాడు. అతన్ని ఏమనాలి, కూలికొచ్చినవాడు. మళ్ళీ చివరకు పోయి నిలబడ్డాం. అవమానంతో నా చెవులు కాలుతున్నాయి. పొద్దు గూకేవేళకు మా ముందు ఇంకా చాలా బండ్లు ఉండగానే బంకు వాళ్ళు తాడు కట్టి, స్టాకు లేదని అట్ట వేలాడదీశారు.

ఆటోను మళ్ళీ ఇంటికి నెట్టుకొచ్చాం. వాడలోకి వచ్చాక మాలో ఒకామె మెల్లగా అంది, రేపొక్క రోజుకు అవ్వ ఇంటి దగ్గర ఉంటే మనం నడిచి త్వరగా చేరొచ్చు కదా అని. ఆమె చెడ్డది కాదు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అవ్వ కూడా అరుగు మీద నుంచి అదే మాట అంది. నాకోసం చేను పోగొట్టుకోకున్రి, నేనుంట అంది. అమ్మ ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది.

"ఇయ్యాల పెట్రోల్ లేదని అవ్వను ఇడిచిపెడితే, రేపు నడుము నొస్తుందని నన్ను ఇడిచిపెడ్తరు. అందరం పోతం. లేకుంటే ఎవ్వరం పోం."

చుక్కలుండగానే బయలుదేరాం. బస్సు హైవే మీద పోతుంది గానీ ఆ చేను వైపు మళ్ళదు. ఎనిమిది కిలోమీటర్లు నడక. అవ్వ మధ్యలో, మేం చుట్టూ. ఆమె ఆగితే ఆగాం, కూర్చుంటే కూర్చున్నాం. చలికి ఆమె మోకాళ్ళు ఇంకా బిగిసిపోయాయి. రెండుసార్లు అమ్మా, నేనూ ఆమెను చేతుల మీద కూర్చోబెట్టుకుని మోశాం. ఒప్పుకోదు, తిడుతుంది, మేం దింపలేదు. ఆ దారిలో నాకు భయం వేయలేదు, కోపం వేసింది. ఊళ్ళో గుడ్డ కప్పిన కార్లలో నిండుగా ఊరికే ఉన్న పెట్రోలు తలచుకుంటే ఒళ్ళు మండింది. ఆ మంటతోనే నడిచాను. ఆ సమ్మె ఆ రోజే ఆగిపోయిందని తర్వాత తెలిసింది.

మేం చేరేసరికి పొద్దు బారెడెక్కింది. ఆసామి గట్టు మీద మోటారు సైకిల్ పెట్టి ఫోన్లో మాట్లాడుతున్నాడు. దమ్ము చేసిన మడి సిద్ధంగా ఉంది. ముందు రోజు పీకిన నారు కట్టలు నీళ్ళలో ఉన్నాయి. రెండో ముఠా మాత్రం లేదు. పొద్దు పొడవగానే వాళ్ళకు ఫోన్ చేశాడట, కానీ వాళ్ళ వ్యాను కూడా మాలాగే ఏదో బంకు దగ్గర ఎండి ఆగిపోయిందట. ఇది మాకు ఆయన చెప్పలేదు, ఆయన ఫోన్లో అరుస్తుంటే విన్నాం.

ఫోన్ పెట్టి మా వైపు తిరిగాడు. చూపు నేరుగా అవ్వ మీద పడింది. ఈ ముసలిదాన్ని ఈడ్చుకొచ్చినందుకే ఇంత పొద్దెక్కిందని, ఇయ్యాలకు ఎట్లో దిగమని, రేపటి నుంచి ఆమె లేకుండా వస్తేనే మిగిలిన చేను మాకని, లేదంటే వ్యాను కదలగానే వాళ్ళకేనని చెప్పాడు. అవ్వ తల దించుకుంది. మడిలోకి దిగబోతున్నవాళ్ళు ఆగిపోయారు.

అమ్మ సద్ది మూట దింపి గట్టు మీద కూర్చుంది. అంతే. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఇంటి దగ్గర అవ్వను వదిలేద్దామన్న ఆమె నా తర్వాత కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. ఎవరూ నినాదం ఇవ్వలేదు, ఎవరూ వాదించలేదు. అమ్మ వక్కపలుకు నోట్లో వేసుకుంది.

ఆయన మొదట నవ్వాడు. తర్వాత తిట్టాడు. మా వాడ వాళ్ళకు ఈ మధ్య కొవ్వెక్కిందని, తెలంగాణ వచ్చాక అందరికీ నోళ్ళొచ్చాయని అన్నాడు. వచ్చిన మాట నిజమే, దాచుకోవలసిన పనేముంది. మళ్ళీ ఫోన్ చేశాడు. వ్యాను ఇంకా అక్కడే ఉంది. ఎండ పెరుగుతోంది. దమ్ము చేసిన మడి పేరుకుని గట్టిపడితే వేలు దిగదు, మళ్ళీ ట్రాక్టరు దింపాలి. ట్రాక్టరుకూ డీజిల్ కావాలి. ఆ సంగతి ఆయనకు మా కంటే బాగా తెలుసు. గట్టు ఈ చివరి నుంచి ఆ చివరకు నడిచాడు. చివరకు అమ్మ ముందు ఆగి, సరే, ఇగ దిగున్రి అన్నాడు.

అమ్మ లేవలేదు. "నన్ను కాదు పటేలా. మా ముఠాల మొదటి మొక్క అవ్వ పెడ్తది. ఆమెనడుగు."

ఆయన మొహం ఎర్రబడింది. ఆ క్షణాన బండెక్కి పోతాడేమో అనుకున్నాను. పోతే యాసంగి పోయినట్టే. కానీ ఆయన అవ్వ వైపు తిరిగాడు.

"దిగు అవ్వా ఇగ."

అవ్వ తలెత్తింది. "రేపు గూడనా?"

ఆయన నీళ్ళలో ఉన్న నారు వైపు చూశాడు.

"రేపు గూడ."

అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచింది. లేచి మడి వైపు పోకుండా ఆయన బండి దగ్గరకు పోయింది. హ్యాండిలుకు నీళ్ళ సీసా వేలాడుతోంది. దూప అయితాంది, జర నీళ్ళియ్యి అంది. ఆ చేను మీద మేం ఎప్పుడూ బోరు పైపు దగ్గరే తాగేవాళ్ళం. లేదంటే వాళ్ళు ఎత్తి పోసేవాళ్ళు, మేం దోసిలి పట్టేవాళ్ళం. మా వాడ పెద్దలు ఆ అలవాటులోనే పుట్టి అందులోనే పోయారు. ఆయన సీసా తీసి మూత విప్పాడు. పోయడానికి చెయ్యి పైకెత్తాడు. అవ్వ దోసిలి పట్టలేదు. చెయ్యి చాచి సీసా అందుకుంది. మూతికి ఆనించి, తొందరపడకుండా, గుటక గుటకగా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని సీసా తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ చీర ఎగదోపుకుని, నారు కట్ట తీసుకుని మడిలో దిగింది. ఆ తర్వాతే మేం దిగాం.