స్కానింగ్ యంత్రానికి కొత్త డ్రైవర్

బళ్ళారిలో ఆ చిన్న స్కానింగ్ సెంటర్ వాళ్ళు నాకు ఫోన్ చేసేది యంత్రం మొరాయించినప్పుడే. మా గృహప్రవేశానికి పిలిస్తే ఒక్కరూ రాలేదు. తల స్కాన్ తీసే ఆ యంత్రాన్ని నడిపేది పాతకాలపు యూనిక్స్ కంప్యూటర్. దాన్ని ముట్టుకునేవాళ్ళలో ఊళ్ళో మిగిలింది నేనొక్కడినే. ధైర్యం కాదు, మొండితనం. ఈసారి స్కాన్ తీస్తే బొమ్మలు డిస్కులో సగమే నిలుస్తున్నాయి. డిస్కుతో కంప్యూటర్ మాట్లాడటానికి డ్రైవర్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని మార్చాలి.

రోగులు రాకముందే ముగిద్దామని సోమవారం పొద్దున ఏడున్నరకే వెళ్ళాను. పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు.

"రాహుకాలం పోనీప్పా. ఆమీట ముట్టుకో" అన్నాడు.

ఖాళీగా ఉన్న సమయమంతా టీ తాగుతూ కూర్చున్నాను. రాహుకాలం పోయాక మొదలుపెట్టిన పని సగంలో ఉండగా గేటు ముందు ఆటో ఆగింది.

కురుగోడు దగ్గర ట్రాక్టర్ మీంచి పడ్డ మనిషి. తలకు తువ్వాలు చుట్టి, భార్య పట్టుకుని దింపింది. మాట్లాడుతున్నాడు గానీ మాట ముద్దగా వస్తోంది.

"ఎంతసేపప్పా?" అని డాక్టరు నన్నడిగాడు. "లేదంటే ఇంకో సెంటర్‌కు పంపిస్తా. ఆడ క్యూ ఉంటాది."

"పది నిమిషాలు సార్" అన్నాను.

ఆ మాట నమ్మి వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టారు.

డ్రైవర్ ఎక్కించి, కంప్యూటర్ ఆపి మళ్ళీ లేపాను. తెర మీద వరుసలు కదిలి, డిస్కు కనబడలేదని చెప్పి ఆగిపోయాయి. ఇంకోసారి లేపాను. అదే మాట. పాత డ్రైవర్‌కే వెనక్కి పోదామంటే, సగం బొమ్మతో ఆ తలలో ఏముందో ఎవరికి తెలుస్తుంది?

బయట అతను వాంతి చేసుకున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి భార్య తలుపు దగ్గరికి వచ్చింది.

"యప్పా, నిద్ర పోతాండాడు. పిలిస్తే పలకల్యా. ఇంకా ఎంతసేపు?"

"వస్తాండాదమ్మా" అన్నాను. పచ్చి అబద్ధం. ఇప్పుడు పంపించేయమంటే ఇంతసేపూ వృథా చేసినవాణ్ణవుతాను, అనకపోతే ఇంకా వృథా చేస్తాను. నిజంగా భయం వేసింది.

పాత డ్రైవర్ అన్ని తలుపులూ తట్టి డిస్కును అదే వెతుక్కునేది. కొత్తదానికి డిస్కు నంబరు మనం చెప్పాలి, నేరుగా ఆ ఇంటికే పోతుంది. నేను మూడు అని చెప్పాను. ఆ నంబరు డిస్కు పెట్టె ముందు గోరంత గుంటలో ఉంటుంది. వంగి మళ్ళీ చూశాను. రిసెప్షన్ అమ్మాయి ప్రతి శుక్రవారం యంత్రాలన్నిటికీ బొట్టు పెడుతుంది. ఆ గుంట బొట్టు కోసమే చేసినట్టుంది కాబట్టి ఏళ్ళ తరబడి అక్కడే అద్దింది. గట్టిపడిన కుంకుమ కింద అంకె అడుగు వంపు మాత్రమే కనిపిస్తోంది. మూడుకూ ఐదుకూ ఆ వంపు ఒకటే!

వేలు తడి చేసుకుని రుద్దబోతే ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏందన్నా, ఆయమ్మ చూస్తాండాది. ఆమె ముందర కుంకుమ తుడుస్తావా?" అంది గొంతు తగ్గించి.

నా చెయ్యి ఆగిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ ఆమెకు అంతా వినిపించింది. నా వేలు వైపు చూసింది, మొగుడు పడుకున్న బెంచీ వైపు చూసింది.

"తుడువప్పా" అంది. "జల్దీ తుడువు."

తుడిచాను. ఐదు. నంబరు మార్చి లేపితే డిస్కు దొరికింది. అతన్ని లోపలికి తీసుకుపోయారు. బొమ్మలన్నీ పూర్తిగా నిలిచాయి.

తలలో రక్తం గడ్డకట్టిందని, వెంటనే ఆపరేషన్ కావాలని చెప్పి డాక్టరు ఆసుపత్రికి ఫోన్ చేయసాగాడు. ఆమె మాత్రం నా దగ్గరికి వచ్చింది. యంత్రం ముందు అంతసేపు కూర్చున్నవాణ్ణి గనక మొగుడి తలలోకి చూసింది నేనే అనుకుందో ఏమో.

"నువ్వు చూసినావు కదప్పా. బతుకుతాడా?"

నాకు తెలిసింది డిస్కు సంగతి ఒక్కటే. ఆమె కళ్ళు నా ముఖం మీంచి కదలడం లేదు.

"ఫోటో బాగా వచ్చిందమ్మా" అన్నాను.

ఆమె నాకు దండం పెట్టి, స్ట్రెచర్ వెనక పరుగెత్తింది.