పడవకు కట్టిన రేడియో

పడవ దొరికిందని మధ్యాహ్నం పన్నెండున్నరకు చెప్పారు. మనిషి దొరకలేదన్నారు. నాలుగు దాటాక మనిషి కూడా దొరికాడని ఫోను వచ్చింది. ఆయన భార్య విమల గారు రేవు దగ్గర కారుకు ఆనుకొని నా పక్కనే నిలబడి ఉన్నారు. "దొరికారటా అన్నయ్యగారూ?" అని అడిగారు. దొరికారన్న మాట అబద్ధం కాదు. ముందు కారు తలుపు తీసి ఆమెను కూర్చోబెట్టాను.

సాంబశివరావు గారు ఇక లేరు. సియాటిల్‌కు ఉత్తరాన, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో, ఆగస్టు నెల నిండు ఎండలో, కయాక్ అనే చిన్న తెడ్డు పడవ మీద చేపల వేటకు వెళ్లి, చలికి చనిపోయారు. ఆయనకు అరవై ఒకటి. ముప్పై ఏళ్లు పత్రికలో ఇతరుల మరణవార్తలు దిద్దిన నాకు ఈ మూడు వాక్యాలు రాయడానికి మూడు వారాలు పట్టింది. దుఃఖం ఒక కారణం. దుఃఖం కంటే భయం పెద్ద కారణం. ఆయన దగ్గర ఈ విద్య నేర్చుకున్నవాళ్లు ఇంకా నీళ్ల మీద ఉన్నారు.

అనంతపురం జిల్లాలో పుట్టిన మనిషి. ఇంజనీరింగ్‌కు వచ్చేదాకా తాను చూసిన అతి పెద్ద జలాశయం నీళ్ల ట్యాంకరని చెప్పి నవ్వించేవారు. మిషిగన్‌లోని నోవైలో ఇరవై ఏళ్లకు పైగా కార్ల బ్రేకులు డిజైన్ చేశారు. అక్కడి సరస్సులే ఆయనకు గాలం పట్టడం నేర్పాయి. వేసవి శనివారాల్లో ఎమ్మెస్ చదివే పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఆయన వెంట పడేవారు. మొదటి రోజు గాలం ముట్టుకోనిచ్చేవారు కాదు. నడుము లోతు నీళ్లలో కయాక్ తిరగేసి, మళ్లీ ఎక్కమనేవారు. "అంకుల్, ఫిషింగ్‌కి వచ్చాం, మునగడానికి కాదు" అని ఒకడు గునిశాడట. "కారు కొనేటప్పుడు బ్రేకు చూస్తావా, హారన్ చూస్తావా అబ్బీ? దిగు!" అన్నారట ఈయన.

ఆయన రెండో పాఠం తాడు. సరస్సు అడుగున బురద. అందులో పడిన గాలం, ఫోను, కారు తాళం మళ్లీ కనబడవు. బోల్తా పడిన పడవ మాత్రం అక్కడే తేలుతూ ఉంటుంది, కాసేపటికి ఏదో ఒక ఒడ్డుకు చేరుతుంది. అందుకని ప్రతి వస్తువునూ పడవకు కట్టించేవారు. ముడి వేశాక తానే వచ్చి గుంజి చూసేవారు. "పడవ ఉంటే అన్నీ ఉన్నట్టే అప్పా" అనేవారు. నోవైలో ఆయన దగ్గర నేర్చుకున్న పద్నాలుగు మందికీ ఆ మాట కంఠతా వచ్చు.

మాంద్యం వచ్చి కార్ల కంపెనీలు ఇంజనీర్లను ఇళ్లకు పంపిన ఏడాది ఆయన ఉద్యోగం వెతుక్కుంటూ ఇటు సియాటిల్‌కు వచ్చారు. నాకు పరిచయమైంది అప్పుడే. సముద్రం మీదికి మొదటిసారి వెళ్లబోతూ రేవులో ఆయన వేసుకున్నవి నూలు ప్యాంటు, సగం చేతుల చొక్కా. లైఫ్ జాకెట్ సీటు వెనక దోపి ఉంది. అక్కడ పడవలు అద్దెకిచ్చే డోరిస్ అనే పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఎండకు తగ్గ బట్టలే వేసుకున్నావు. నువ్వు పడబోయేది ఎండలోనా, నీళ్లలోనా?" అంది. చేతులు రెండూ మోచేతుల దాకా నీళ్లలో పెట్టించి, వాచీ చూసి, చాలాసేపటికి గానీ తియ్యనివ్వలేదు. తీశాక చొక్కా గుండీ పెట్టుకోమంది. ఈయన వేళ్లు గుండీని పట్టుకోలేకపోయాయి. పడవ మళ్లీ కారెక్కించి ఇంటికి వచ్చేశారు. ఆ సాయంత్రం నాతో, "నాకు భయమేసిందప్పా. పిల్లోళ్లకి నేను సగమే నేర్పినా" అన్నారు.

యాభై ఏళ్లు దాటినవాడు మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవడం నేను ఆయనలోనే చూశాను. ఏడాది పాటు రేవులోకి అలలు రాకుండా కట్టిన అడ్డుగోడ దాటి వెళ్లలేదు. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా బిగిసి, ఒంటికి నీరు తగలనివ్వని డ్రై సూట్ కొనుక్కున్నారు. ఎక్కడ దిగేదీ, ఎన్నింటికి తిరిగి వచ్చేదీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించేవారు. ఆటుపోట్ల పట్టిక చూడనిదే గడప దాటేవారు కాదు. విమల గారు ఊరుకునేవారా? "మా పెళ్లికి కూడా ఇంత ముహూర్తం చూడలేదు ఈయన" అని దెప్పేవారు. "చూసుంటే నువ్వు దొరికేదానివా?" అని ఈయన. ఆమె చేతిలోని గరిట ఆయన వైపు తిరిగేది.

నాకు తెడ్డు పట్టడం నేర్పిందీ ఆయనే. చన్నీళ్లలో పడ్డవాడు మొదటి నిమిషం ఊపిరి నిలుపుకోవాలి, తరవాతి పది నిమిషాల్లో చేతులతో చేయగలిగింది చేసెయ్యాలి, ఆ పైన తెలివి ఓ గంట ఉంటే గొప్ప అని చెప్పేవారు. సహాయానికి పిలిచే చేతి రేడియోను ప్రతిసారీ నా జాకెట్ రొమ్ము మీద తన చేత్తోనే తగిలించేవారు.

నోవై పిల్లల్లో చాలామంది ఉద్యోగాలతో సముద్రం ఉన్న ఊళ్లకు చెదిరిపోయారు. వాళ్లకు 'సముద్రం పాఠం' రాసి పంపమని ఎన్నిసార్లు పోరానో! "ఇంకొక్క చలికాలం చూడనీ. నాకే సరిగ్గా తెలీనిది చెప్పి పిల్లోళ్లని నీళ్లలోకి తొయ్యకూడదు" అనేవారు. అది ఆయన నిజాయితీ. ఆ నిజాయితీతోనే మూడు చలికాలాలు గడిచిపోయాయి.

ఒంటరిగా వెళ్లకూడదన్నది మా ఇద్దరి ఒప్పందం. ఆ రోజు నాకు జ్వరం. పొద్దున ఆరింటికి ఫోన్ చేసి, "నువ్వు రాకుంటే చేపలేమన్నా సమ్మె చేస్తాయా? సాల్మన్ వచ్చిందంటున్నారు. పదికల్లా ఒడ్డున ఉంటా" అన్నారు. వద్దని నేను గట్టిగా అనలేదు.

తీర గస్తీ అధికారి తరవాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. సూట్ జిప్పు పూర్తిగా వేసి ఉంది. లైఫ్ జాకెట్ బిగించి ఉంది. వేసుకోవలసినవన్నీ వేసుకున్నారు. పడవ బోల్తా పడ్డాక గాలి లేచి, మనిషి ఈదగలిగిన దానికంటే వేగంగా దాన్ని తోసుకుపోయింది. దొరికేసరికి మనిషికీ పడవకూ మధ్య మైలు దూరం. రేడియో పనిచేస్తూనే ఉంది. అది సీటు పక్కన, చక్కటి ముడితో, పడవకు కట్టి ఉంది. "ఒంటి మీద ఉండి ఉంటే అరగంటలో చేరేవాళ్లం" అన్నాడు. ఆ సూట్‌తో ఆయన అరగంట కంటే ఎక్కువసేపే బతికి ఉంటారని కూడా, విమల గారు అడిగితే, దాచకుండా చెప్పాడు.

సరస్సు మీద అన్నేళ్లు కట్టిన చేయి సముద్రం మీద కూడా కట్టింది. మూడేళ్లు ఆయన పక్క పడవలో ఉండి ఆ ముడిని నేను చూస్తూనే ఉన్నాను. నా రేడియో నా రొమ్ము మీదా, ఆయనది సీటు పక్కనా ఎందుకున్నాయని ఒక్కసారీ అడగలేదు.

ఆయన కంప్యూటర్లో ఆ సముద్రం పాఠం సగం రాసి ఉంది. బట్టల గురించి ఉంది, ఆటుపోట్ల గురించి ఉంది, ఊపిరి గురించి ఉంది. రేడియో ఎక్కడ ఉండాలో లేదు. విమల గారు పక్కన కూర్చోగా ఆ ఒక్క విషయమూ నేను చేర్చి, పద్నాలుగు మందికీ పంపాను. మర్నాడు బోస్టన్ నుంచి ఒక శిష్యుడు ఫోన్ చేసి ఏడ్చాడు. "అంకుల్, నాదీ సీటుకే కట్టి ఉంది. లాస్ట్ వీక్ కూడా అలాగే వెళ్లొచ్చాను."

ఇంకొకరు ఆ పడవ ఎక్కవచ్చు, ఆ రేవులోనే దిగవచ్చు. తనకు తెలిసినది సగమేనని ఒప్పుకొని, తెల్లబడ్డ జుట్టుతో మొదటి నుంచి నేర్చుకునే గురువు మాకు మళ్లీ దొరకడు. ఆయన ఉంటే ఇవాళ పద్నాలుగు ముడులనూ తానే వెళ్లి విప్పి వచ్చేవారు. ఆ పని ఆయన పేరు మీద మేము చేయవలసి వచ్చింది. ఇంతకంటే పెద్ద నమస్కారం నాకు తెలియదు.

పదమూడు మంది జవాబిచ్చారు. పద్నాలుగో అతను మురళి. నోవై నుంచి మెయిన్ రాష్ట్రపు సముద్రతీరానికి మారాడని అందరూ అంటున్నారు, ఏ ఊరో ఎవరికీ తెలియదు. పాత ఫోన్ నంబరు పనిచేయడం లేదు. మెయిల్ తిరిగి వచ్చింది.