ఇద్దరు తీసుకున్న లైన్ క్లియర్

మెదక్‌లో మా సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా చేరిన మొదటి రోజే నాకు ఒక మాట నేర్పారు: లైన్ క్లియర్ ఎవరు తీసుకుంటే వాళ్లే తిరిగివ్వాలి. అంటే, స్తంభం ఎక్కే లైన్‌మన్ నాకు చెప్పి కరెంటు ఆపిస్తాడు. పని ముగించి దిగాక మళ్లీ తనే చెప్పాలి, అప్పుడే నేను వెయ్యాలి. చిన్న రూలే. పాటించినప్పుడల్లా ఎవరో ఒకరికి నా మీద కోపం.

ఆ వేసవి మధ్యాహ్నం ఒకే లైన్ మీద ఇద్దరు లైన్ క్లియర్ తీసుకున్నారు. ఒకతను ఊరి చివర తెగిన తీగ కలపడానికి, ఇంకొకతను నర్సాపూర్ రోడ్డు వైపు ట్రాన్స్‌ఫార్మర్ బాగు చెయ్యడానికి. మొదటతను తొందరగానే ఫోన్ చేశాడు.

"అక్కా, పని అయిపోయింది. అందరం దిగినం, లైన్ ఎయ్యి."

అందరం అంటే అతని లెక్కలో అతని జట్టే. రెండో అతను ఫోన్ ఎత్తడం లేదు.

ఇంతలో మా సారు ఫోన్. "ఏందమ్మా, ఇంకా ఎయ్యలే? రైస్‌మిల్లాయన నా పానం దీస్తుండు. లైన్ క్లియర్ వాపస్ వచ్చింది గద!"

"ఒకటే వచ్చింది సార్. ఇంకోటి రాలే."

"ఆయన ఎప్పుడో దిగి చాయ్ తాగుతుండొచ్చు. నేను చెప్తున్న గద, ఎయ్యి."

"ఆయన దిగంగ మీరు చూసిండ్రా సార్?"

అటునుంచి అరుపు. నాకూ ఒళ్లు మండింది. "అయితే మీరే వచ్చి ఎయ్యుండ్రి సార్. నా చేత్తోని మాత్రం కాదు."

ఫోన్ పెట్టేశాక భయమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఉద్యోగం పోతుందేమోనని. అయినా స్విచ్‌ల ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఎవడొస్తాడో రమ్మని.

ఎవరూ రాలేదు. చాలాసేపటికి రెండో అతని ఫోన్ వచ్చింది. "ఇప్పుడే దిగిన అక్కా. బోల్టు తుప్పు వట్టి మస్తు సతాయించింది. ఫోన్ బండి డిక్కీల ఉండె."

ఏడుపొచ్చింది. ఏడవకుండా తిట్టాను. "ఫోన్ డిక్కీల వెట్టి పైకెక్కుతవా? ఇంట్ల పెండ్లం పిల్లలు యాదికి లేరా నీకు?" కడుపునిండా తిట్టాకే లైన్ వేశాను.

వారం తిరక్కముందే మెమో వచ్చింది. పై అధికారి మాట ఎందుకు వినలేదో రాతపూర్వకంగా చెప్పాలట. చెప్పాను. 'ఆ సమయంలో లైన్ మీద మనిషి ఉన్నాడు.' ఇంకో అక్షరం కలపలేదు. కింద సాక్షి సంతకం ఆ మనిషితోనే పెట్టించి పంపాను.