ఆ రెండు ఎరుపులు ఒకటేనా

ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే లైబ్రరీలో నాకిష్టమైన చిన్న వస్తువొకటుంది. రెండు విలువలిస్తే సమానమా కాదా చెబుతుంది, అంతే. జాబితాలు వెతికే పెద్ద ఫంక్షన్ చేతిలో దాన్ని పెడతాం. పెద్దది తన పని చేసుకుంటూ, పోల్చాల్సి వచ్చిన ప్రతిసారీ దీన్నే అడుగుతుంది. దీని తీర్పు సరిపోకపోతే మనమే ఒకటి రాసి ఇవ్వొచ్చు. కరీంనగర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి నెలంతా నేను రాసినవి అలాంటివే.

ఆ నెలలో ఒక ఆదివారం అవ్వ, బాపు ఉండే ఇంటికి వెళ్లాను; మా వైపు అమ్మానాన్నలను అలాగే పిలుస్తాం. ముందు గదిలో బాపు నడిపే సాంచ, అంటే మరమగ్గం. వెనక గదిలో మేం. ఎర్ర తాను సగంలో ఉండగా అడ్డం నేసే నూలు అయిపోవచ్చింది. నూలిచ్చి నేయించుకునే సేటు పంపిన కొత్త నూలు వేరేసారి అద్దింది. తేడా వస్తే బట్టకు అడ్డంగా చార పడుతుంది, తాను మొత్తం వెనక్కి పంపుతారు. బాపు వారం పని వృథా.

"ఒక్కటేనా సూడవే," అని బాపు పాత నూలు చుట్టిన కండె, కొత్తది చుట్టిన కండె అవ్వ ముందు పెట్టాడు. రంగుల సంగతి ఆయనెప్పుడూ ఆమెనే అడుగుతాడు.

ఈలోగా నేను ఫోన్‌తో రెండింటినీ ఫొటో తీసి ఒక్కో రంగుకు ఫోన్ ఇచ్చే అంకెలు చూశాను. "అంకెలు కలుస్తలేవవ్వా."

"పాత కండెనే రెండుసార్లు తియ్యి జర."

తీశాను. అప్పుడూ కలవలేదు.

బాపు పగలబడి నవ్వాడు. "ఏందిరా ఇంజినీరూ, గా కండె గదే కండె కాకుంట వొయిందా?"

అవ్వ ఒక అట్టముక్కకు నాలుగు చుట్లు పాత నూలు, పక్కనే నాలుగు చుట్లు కొత్తది చుట్టింది. వాకిట్లో నీడపట్టున నిలబడి, చెయ్యి చాపి చూసింది.

"కలుస్తలే."

బాపు నవ్వు ఆగిపోయింది.

"ఫికర్ జెయ్యకు. పాతది జరంత ఉన్నది గద. రెండూ మార్చుకుంట జానెడు నెయ్యి, చార కనవడది."

అడ్డం పోగును అటూ ఇటూ మోసే నాడె మా సాంచలో ఒకసారికి ఒకటే పడుతుంది. ప్రతిసారీ ఆపి, చేత్తో తీసి, రెండో నూలున్న నాడె పెట్టాలి. మొదట పాతవి ఆరు పోగులు, కొత్తవి రెండు. తర్వాత నాలుగు, నాలుగు. చివరకు రెండు, ఆరు. నేను లెక్కపెట్టాను, బాపు మార్చాడు. జానెడు బట్టకు మధ్యాహ్నమంతా పట్టింది.

అవ్వ వచ్చి నాలుగడుగుల దూరాన నిలబడింది. బాపు బట్ట వైపు చూడలేదు, ఆమె ముఖమే చూస్తున్నాడు.

"నడుపు," అంది అవ్వ.

బాపు కొత్త కండె ఒక్కటే పెట్టి సాంచ నడిపించాడు.